మా అన్న పంపే పాటలు

మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "కూర్చో కోమలా, మీ అన్న మిల్లుకి పొయ్యిండాడు, వచ్చే పొద్దే" అని చెప్పి పాండీశ్వరి వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. సోఫాలో నేనూ, నా ఒళ్ళో తాంబాళమూ మిగిలాం. పిలుపు తాంబాళంతో గడప దాటాక వాళ్ళ చేతికి ఇచ్చేదాకా కింద పెట్టకూడదని మా అమ్మ అనేది, కింద అంటే నేలేనా, ఈ గాజు టీపాయ్ కూడా లెక్కలోకి వస్తుందా అని అప్పట్లో అడగాలని తోచలేదు, మా ఇంట్లో టీపాయ్ ఉంటే కదా, ఇప్పుడు చూడు, కొబ్బరికాయ దొర్లకుండా ఒక చేత్తో అదిమిపట్టుకుని ఇంకో చేత్తో మజ్జిగ తాగుతున్నాను, అల్లం కరివేపాకు తాలింపు పెట్టిన మజ్జిగ, ఈ మదురై వాళ్ళు మజ్జిగని కూడా ఊరికే వదలరు. కోయంబత్తూరులో తెల్లవారకముందు బస్సెక్కినప్పుడు తమలపాకులు నవనవలాడుతున్నాయి, దిండిగల్ దాటేసరికి మొహాలు వేలాడేశాయి, వాటి కింద అన్నకి జరీ పంచె, వదినకి చీర, అన్నిటి పైనా మూలలకి పసుపు పూసిన పత్రిక, నా కూతురు రంజని పెండ్లి పత్రిక, అందులో మేనమామ అని అచ్చయిన చోట మా అన్న పేరు, పెరుమాళ్‌సామి, మదురై. అన్నని అడక్కుండానే వేయించాను. మాటలు లేని మనిషి పేరు పత్రికలో వేయించడానికి ఎంత ధైర్యమే నీకు అని మా ఆయన బాలసుందరం అన్నారు. ధైర్యం కాదు, నమ్మకం అన్నాను.

మా వాళ్ళ పెండ్లిలో మేనమామ వచ్చి పిల్ల నొసటికి పట్టం కట్టాలి, పలచటి బంగారు రేకు, దారంతో, ఆయన చేతులతో, అది కట్టాకే పిల్ల పెండ్లికూతురు అయినట్టు. దూరపు మేనమామలు దొరక్కపోరు, వరసకి ఎవరినో తెచ్చి నిలబెట్టొచ్చు, కానీ సొంత అన్న బతికుండి, ఒక బస్సు దూరంలో ఉండి, ఇంకెవరో కడితే మండపంలో జనం పట్టం వంక చూస్తారా, నా మొహం వంక చూస్తారు. అదీ ఇవాళ్టి పని. అసలు గొడవ కొరియర్‌ది. అన్న కొడుకు పెండ్లికి మాకు పత్రిక కొరియర్‌లో వచ్చింది, ప్లాస్టిక్ కవర్‌లో, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చి పోయాడు ఆ మనిషి, మా ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, మీ అన్న మనకి బ్యాంకు కార్డు పంపినట్టున్నాడే అన్నారు. అన్నకి అప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం, మంచం దిగలేకపోయాడట, ఆ మాట ఫోన్ చేసి చెప్పి ఉంటే మేమే వచ్చి తీసుకునేవాళ్ళం, చెప్పకపోయినా అర్థం చేసుకోవాలని అన్న, చెప్పాల్సిందేనని మా ఆయన, పిలవని పేరంటానికి పోతామా అని మేం ఆగిపోయాం, తోడబుట్టింది రాని పెండ్లి నాది అని అన్న నాతో మాట మానేశాడు, మూడు దీపావళులు దాటిపోయాయి. ఇవాళ కూడా మా ఆయన బస్టాండ్ దాకా వచ్చి, "నువ్వే పొయ్‌రా. వాళ్ళు కొరియర్‌లో పంపిరి, మనం మనిషినే పంపుతున్నాం, అది చాలదా" అని నవ్వి, నాకొక అరటిపండు కొనిచ్చి, పీలమేడులో మా ఇంటికి తిరిగి వెళ్ళిపోయారు.

అయినా నాకు భయం లేదు, ఎందుకంటే అన్న మాట మానేశాడు కానీ పాట మానలేదు. మొదటిది వచ్చిన పొద్దు మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను, ఫోన్ టింగుమంది, అన్న నంబరు, పక్కన పెరుమాళ్ దేవుడి బొమ్మ, తడి చేత్తోనే తెరిస్తే ఒక్క మాట లేదు, ఒక పాట మాత్రం ఉంది. తెన్‌కాశి వైపు ఏదో చిన్న గుడి, స్వామి ఊరేగి తిరిగొస్తుంటే పేరు తెలియని ఒక ముసలాయన వాయించిన నాదస్వరం, ఎవరో ఫోన్‌లో పట్టింది, మధ్యలో ఒక ఆవు అరుస్తుంది, ఆయన దాన్ని కూడా కలుపుకుని వాయిస్తాడు. ఆ పాట కూర్చుని వినేది కాదు. నిలబడి వినాలి, చేతిలో పని ఉండాలి, తడిబట్టలు దులుపుతూనో పప్పు చెరుగుతూనో, అప్పుడే అది భుజం మీద చెయ్యేసి మాట్లాడుతుంది. నాలుగుసార్లు విన్నాను. జవాబు ఏం రాయను, బాగుండావా అని రాస్తే ముందు నేను దిగొచ్చినట్టు, రాయకపోతే రాయి లాంటిదాన్ని, అందుకని నేనూ ఒక పాట పంపాను, పొల్లాచ్చి వైపు నాట్లేసే ఆడవాళ్ళు నడుములు వంచి పాడే పాట, ఊపిరి అందక చివరి మాట మింగేస్తారు, ఆ మింగడంలోనే ఉంది దాని అందం. అంతే, అప్పట్నుంచి రోజూ ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. ఎవరూ పెట్టకుండానే నియమాలు పడ్డాయి. ఊరందరికీ తెలిసిన పాట పంపకూడదు, సినిమా హిట్టు పంపితే అది గుడ్ మార్నింగ్ గులాబీతో సమానం. బొటనవేలు చూపించకూడదు. పాటకి పాటే జవాబు.

ఈ వంకన ఎన్ని పాటలు విన్నానో! యాభై దాటాక నాకు ఇన్ని దేశాలు తెలుస్తాయని ఎవరనుకున్నారు. ఎడారి ఊళ్ళో ఎవడో గిటారు మీటుతూ ఒంటెని బతిమాలుతున్నట్టు పాడేది ఒకటి వచ్చింది, అది మధ్యాహ్నం అన్నం తిన్నాక, కళ్ళు బరువెక్కాక వినాలి, ముందు వింటే ఊరికే సాగదీతలా ఉంటుంది. గోవా వైపు పెండ్లిళ్ళలో ఆడామగా కలిసి పాడే నెమ్మది పాట, అది ఇస్త్రీకి. మరాఠీ లావణి ఒకటి, అది మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడే, కాళ్ళు మన మాట వినవు. నాగూరు దర్గా ఫకీరు డప్పు మీద పాడింది, సిలోన్ బైలా, బెంగాలీ పడవవాడు అరిచి పాడింది, విడుదలే కాని ఒక తమిళ సినిమాలోది, ఆ హీరో ఎవడో, డబ్బాలోనే ఉండిపోయాడు పాపం, పాట మాత్రం తప్పించుకుని బయటపడింది, జలుబు చేసినప్పుడు ఆ పాట మంచిది, ముక్కుతో పాడినా సరిపోతుంది. నేను పంపినవి తక్కువా ఏమిటి, మోర్సింగ్ ఒక్కటే మోగే కచేరీ ముక్క, ఆసుపత్రి వరండాలో నర్సులు క్రిస్మస్‌కి పాడుకున్న తమిళ కీర్తన, ఆంధ్రా వైపు ముత్తైదువలు పాడే నలుగు పాట. ఆ నలుగు పాట కింద తెలుగులో ఏమేమో రాసి ఉంది, నాకేం తెలుసు, ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ బళ్ళో తమిళం చదివినవాళ్ళం, ఆ అక్షరాలు మాకు జిలేబీ చుట్లే, చెవితో వెతుక్కోవాల్సిందే, గొంతుల్లో పసుపు వాసన తగలగానే ఇదే అని తెలిసిపోయింది.

ప్రతి పాటలోనూ అన్న మనసు చదివాను. చదవడం అంటే ఊరికే కాదు, పరీక్షకి చదివినట్టు. పడవవాడి పాట దీపావళి పొద్దున వచ్చింది, అన్న నా కోసం బెంగ పెట్టుకున్నాడని నూనె తలతోనే కూర్చుని ఏడ్చాను, మా ఆయన సీకాయ గిన్నె పట్టుకుని నిలబడిపోయారు. నేను ఊయల పాట పంపితే మర్నాడు దడదడ డప్పుల మోత వచ్చింది, ఇంకా కోపం చల్లారలేదని వరసగా మెత్తటి వీణలే పంపాను, తర్వాత ఒక సారంగి వచ్చింది, దోసె మీద కరిగే వెన్నలా, హమ్మయ్య, తగ్గింది అనుకున్నాను. రంజనికి సంబంధం కుదిరాక ఆ నలుగు పాట పంపాను, నా లెక్కలో అదే మొదటి పిలుపు, దానికి తెల్లారి జవాబుగా నాదస్వరం వచ్చింది, ముహూర్తం వేళ గట్టిమేళంతో జోరుగా వాయించేది, ఇంకేం కావాలి, మా అన్న వస్తానన్నాడు, ఆ సాయంత్రమే అచ్చాఫీసుకి పోయి పేరు వేయించాను. "నాదస్వరం అంటే సరే అని ఏ డిక్షనరీలో రాసిండాది?" అని మా ఆయన తల పట్టుకున్నారు. మా అన్నాచెల్లెళ్ళ డిక్షనరీలో ఉంది, మీకేం తెలుసు అన్నాను. సూలూరులో మా నాయన మరమగ్గాల షెడ్డు, ఆ టకటకల మధ్య చెక్క రేడియో, ముల్లు జరిపితే సిలోను, ఇంకొంచెం జరిపితే ఎవరి ఊరో తెలియని ఊరు, వీధిలో ఎవరూ వినని పాట ఎవరు ముందు పట్టుకుంటారని నాకూ అన్నకీ పందెం. అన్నకి ఓపిక ఎక్కడిది, పల్లవి అయ్యీ కాకుండానే ముల్లు తిప్పేసేవాడు, ఏ పాటనీ ఒడ్డు చేరనిచ్చేవాడు కాదు, ఏది పెట్టినా ఇది నాకు తెలిసిందే అనేవాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని, జుట్లు జుట్లు పట్టుకునేవాళ్ళం.

లోపల గ్రైండర్ వేసింది వదిన. రాయి తిరుగుతున్న మోత హాలుదాకా వస్తోంది, ఇంత ఎండలో వచ్చానని రేపటికి ఇడ్లీ పిండి రుబ్బుతున్నట్టుంది, అంటే ఇవాళ నన్ను పోనివ్వదు. మంచి మనిషే వదిన, కాదనను, తిరుమంగళం అవతల నల్లరేగడి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్ల, పని తప్ప మాట తెలియదు, ఇందాక తలుపు తీసి నన్నూ తాంబాళాన్నీ చూసి కూడా ఆశ్చర్యపోలేదు, "ఈ వారంలో వస్తావనుకొంటిని" అంది, ఎందుకనుకుందో. పాపం పాటకీ ఆమెకీ మాత్రం ఆమడ దూరం. పెండ్లయి సూలూరు వచ్చిన కొత్తలో నలుగు పెట్టి, కొత్త కోడలు పాడాలి అని ఆడవాళ్ళందరం చుట్టూ కూర్చున్నాం, పాడింది, ఒక్క వరస పాడిందో లేదో మా పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, గొంతు ఒక మెట్టు మీద నిలవదే, గట్టు మీద మేకపిల్లలా అటూ ఇటూ, మా అమ్మ గబుక్కున ఒక లడ్డు తెచ్చి కోడలి నోట్లో పెట్టి పాటని అక్కడితో ఆపించింది. ఇల్లంతా నవ్వులు, వదిన కూడా నవ్వింది, లడ్డు నములుతూ. ఆ తర్వాత ఆమెని ఎవరూ పాడమనలేదు, పాట సంగతి ఏదీ అడగలేదు, ఉప్పు సరిపోయిందా అనే అడిగాం.

ఇప్పుడు ఏదో కూనిరాగం తీస్తోంది. గ్రైండర్ మోతనే శ్రుతిపెట్టె చేసుకుంది, అయినా పక్కకే పోతోంది, పోనీలే, ఎవరి వంటిల్లు వాళ్ళది. పొద్దున తారాపురం దగ్గర బస్సులో ఉండగా వచ్చిన పాట తలలో తిరుగుతోంది నాకు, ఏ సముద్రం ఒడ్డువాళ్ళో, చేపలు ఎత్తే ఆడవాళ్ళు గుంపుగా పాడేది, అందులో చిత్రం ఏమిటంటే ప్రతిసారీ పల్లవి అందుకునే ముందు అందరూ ఒక్కసారిగా ఆగి ఊపిరి పీలుస్తారు, ఆ పీల్చడం వినపడుతుంది, బుట్ట తలకెత్తుకునే ముందు పీల్చే ఊపిరి, ఆ ఆగడం దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది, పక్కసీటు ముసలామెకి కూడా ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టి వినిపించాను, ఆమె బుగ్గ నొక్కుకుంది. మంచి పాట. అన్నకి ఎక్కడ దొరుకుతాయో ఇవన్నీ. వదిన రాగం ఒక వరస పూర్తయింది, ఆగింది, ఊపిరి పీల్చింది, అందుకుంది. నేను గ్లాసు పెదవుల దగ్గరే ఆపేశాను. ఇంకో వరస. గ్రైండర్ తిరుగుతోంది, రాగం ఆగింది, ఊపిరి, అందుకుంది. రాగం అయితే ఎక్కడెక్కడో పోతోంది, ఆ ఆగడం మాత్రం ఆగాల్సిన చోటే ఆగుతోంది, ఎంతసేపు ఆగాలో అంతసేపే.

అన్న ఇంట్లో గట్టిగా పెట్టుకుని ఉంటాడు, ఆమె చెవిన పడి ఉంటుంది, అంతే కదా. ఒక్కసారి చెవిన పడితే అంత చక్కగా పట్టుబడుతుందా. అయినా అన్న, పల్లవి కాకుండా ముల్లు తిప్పే అన్న, నడుము వంచి పాడే పాటని చివరిదాకా విని, దానికి జోడు వెతికి, పొద్దున్నే లేచి, మూడు దీపావళులుగా, అన్న? నాకు నవ్వొచ్చిందో చెమట పట్టిందో తెలియదు. ఎడారి పాట పొడవెంత, సారంగి పొడవెంత, అన్న ఏ రోజైనా అంతసేపు ఒకచోట కూర్చున్నాడా, జ్వరం వచ్చినప్పుడు తప్ప. నా ఫోన్ తీశాను, ఒక చేత్తో కొబ్బరికాయ, ఒక చేత్తో ఫోను. ఎప్పటికైనా పంపాలని దాచుకున్నది ఒకటుంది, కోతల వేళ ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు దెప్పుకుంటూ పాడేది, ఒకామె సగంలో వదిలేస్తుంది, రెండో ఆమె అక్కడ అందుకుంటుంది. అన్న నంబరుకి పంపాను.

వంటింట్లో టింగుమంది.

గ్రైండర్ ఆగింది. పిండి సగంలో ఉండగా ఏ ఆడదైనా గ్రైండర్ ఆపుతుందా, ఆపింది. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు, తర్వాత సన్నగా, చాలా సన్నగా, ఆ ఇద్దరు ఆడవాళ్ళ గొంతులు వంటింట్లోంచి మొదలయ్యాయి, మొత్తం వింది, నేనూ గోడకి ఇవతల మొత్తం విన్నాను, చివరన వాళ్ళు నవ్వేసే చోట లోపల కూడా ఎవరో నవ్వారు. ఇంకొంచెంసేపటికి నా చేతిలో ఫోన్ టింగుమంది. ఎక్కడిదో, మంచు దేశాల్లో పల్లెటూరి పెండ్లి బాజా, వాయించేవాళ్ళందరూ బాగా తాగి ఉన్నారు, ఒక్కడికీ శ్రుతి లేదు, సిగ్గూ లేదు, ఎంత సంతోషంగా తప్పారో చెప్పలేను, ఆ పాట ఎవరైనా వినాలనుకుంటే గుంపులో వినండి, లేకపోతే పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుకోవాల్సి వస్తుంది, నాలాగా. హాల్లో నేను, వంటింట్లో ఆమె, మధ్య ఒక గోడ, ఎదురుపడి ఒక్క మాట ఆడుకోకుండా పాటలు విసురుకుంటున్నాం. నవ్వి నవ్వి కొబ్బరికాయ ఒళ్ళోంచి జారబోయింది, పట్టుకున్నాను, పట్టుకునేసరికి పత్రిక కనపడింది, నా నవ్వు అక్కడ ఆగిపోయింది. ఇవి అన్న పంపినవి కాకపోతే అన్న వస్తానని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. అన్న కోపం కొరియర్ కవర్ దగ్గర ఎక్కడుందో అక్కడే ఉంది, ఒక్క అంగుళం కదల్లేదు, నేను ఆయన పేరు అచ్చు వేయించి ఊరంతా పంచి కూర్చున్నాను.

వదిన చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, మోచేతి దాకా పిండి. "ఎట్ల తెలిసె?" అంది.

"ఆ ఊపిరి పీల్చేది. సరిగా అక్కడే ఆగితివి గదా."

"నాకు పాడే రాదు కోమలా. ఇనే వస్తాది." ఆ మాట సిగ్గుపడుతూ కాదు, పప్పు ఉడికింది అన్నంత మామూలుగా అంది. ఇన్నేళ్ళలో మేం ఎవరం ఆమెని ఆ రెండో సంగతి అడగలేదని నాకు అప్పుడు తోచింది.

"నేనే పంపుతాండానని ఒక మాట చెప్పొద్దా వదినా?"

"చెప్పింటే నువ్వు పంపేదానివా?" జవాబు కోసం చూడకుండా వచ్చి సోఫా చివర కూర్చుంది. "మంచి పాట దొరికితే ఒంటిగా పెట్టుకోలేం కోమలా, చేతిలో వేడన్నం పెట్టుకొన్నట్ట, ఎవరికైనా ఇయ్యాల. మీ అన్నకిస్తే పల్లవికే ఫోన్ పక్కన పెడతాడు. ఈ ఫోన్ పేరుకే ఆయనది, మిల్లుకి ఆ బటన్ ఫోన్ ఎత్తుకుపోతాడు. నువ్వయితే చివరిదాకా ఇంటావని తెలుసు."

"మరి ఆ డప్పులు? అన్నకి కోపమనుకొని నేను ఎంత..."

"ఏ డప్పులు? ఓ, అదా! ఆ దినం పక్కింట్లో బోరు ఏసిరి. ఆ మోతకి సరిపోతాదని పెడితిని."

నా వీణలన్నీ బోరుబండికి అర్పణం. మళ్ళీ నవ్వొచ్చింది, ఏడుపు కూడా దాని వెనకే ఉంది. నాదస్వరం సంగతి అడిగాను. "పెండ్లి కుదిరిందని నీ నలుగు పాటతో తెలిసె. సంతోషం పట్టలేక పెడితిని. నేను వస్తానని." "అన్న?" "మీ అన్నకి నేను ఏమీ చెప్పలే" అంటూ నా ఒళ్ళో పత్రిక వైపు చూసింది, తమిళంలో అచ్చయిన ఆ పేరు మీద పిండి వేలు పెట్టబోయి తీసేసింది, "ఏసేస్తివా" అంది మెల్లగా, అప్పుడే బయట గేటు చప్పుడయింది, స్కూటర్ స్టాండు పడింది, ఇద్దరం ఒకేసారి లేచాం.

అన్న నెరిసిపోయాడు. భుజాల మీద దూది పీచులు, మిల్లు నుంచి దులుపుకోకుండానే వచ్చాడు, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు, ఏ మనిషికైనా అంత దాహం మొహంలో కనపడటం నేను చూడలేదు, వెంటనే దాన్ని మూసేసి నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాడు. "మాప్పిళ్ళ బాలసుందరం రాలేదా?"

"రాలేదన్నా. నేనే వస్తిని, రంజని పెండ్లికి పిలిచేదానికి."

"ఆలుమగలు ఇద్దరూ వచ్చి పిలిస్తేనే గదా పిలుపు. పిలుపంటే ఏందో మీరే నాకు నేర్పిస్తిరి. ఒంటిగా వస్తే అది అర పిలుపు." చెప్పులు విడిచాడు, లోపలికి రాలేదు, బయటికి పోలేదు. చెప్పాలనుకుని బస్సంతా కూర్చుకున్న మాటలన్నీ పాటల మీద కట్టినవి, ఇప్పుడు ఒక్కటీ పనికిరాదు, నోట్లో ఏమీ లేదు, చిన్నప్పుడు జుట్టు పట్టుకునే అన్న, నా పిల్లకి కావాలి, రా అన్నా అని అరవాలని ఉంది, అరిస్తే ఏడుస్తాను, ఏడిస్తే ఆయనా ఏడుస్తాడు, తర్వాత ఇద్దరం ఇంకా బిగుసుకుపోతాం.

"అర పిలుపైతే అర మనిషికి సరిపోతాది" అంది వదిన. "ఇట్లా ఇయ్యి కోమలా." పిండి చేతుల్నే చాచి తాంబాళం అందుకుంది, కళ్ళకి అద్దుకుంది, చీర మీద పిండి వేళ్ళు పడ్డాయి. "నేను పోతాండా, నా ఆడబిడ్డ కూతురు పెండ్లికి. ఉండేవాళ్ళకి సాపాటు డబ్బాలో పెట్టిపోతా."

అన్న ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు. "మీ ఇద్దరికీ ఎప్పట్నించి ఇంత..."

"నువ్వు మాట మానేస్తివి గదా, అప్పట్నించి. దినామూ. నీ ఫోన్‌లోనే" అంది వదిన.

"నా ఫోన్‌లోనా? ఏం మాట్లాడుకొంటిరి?"

"ఒక్క మాటా లే" అన్నాను నేను. వదిన వంటింట్లోంచి ఫోన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నిలబడే చూశాడు, వేలితో పైకి తోశాడు, ఇంకా తోశాడు, అన్నీ పాటలే, అటు ఒకటి ఇటు ఒకటి, మెట్లు మెట్లుగా, దాని అడుగు ఆయనకి దొరకలేదు, నడుము నొప్పి పుట్టినట్టు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "నా పేరు మీద, నా పెరుమాళ్ బొమ్మ పెట్టుకుని, నాకు ఒక్కటి కూడా పెట్టకుండా" అన్నాడు, గొంతులో కోపం కాదు, చిన్నపిల్లాడి ఉడుకుమోత్తనం. ఒకటి నొక్కాడు. ఏది నొక్కాడో నేను చూడలేదు, ఎడారి పాట మోగింది, ఒంటె, గిటారు, ఎండ. కాసేపు తల ఆడించాడు, "ఇది నాకు తెలిసిందే" అన్నాడు, వేలు పక్క పాట మీదికి పోయింది, "మార్చొద్దు!" అని నేనూ వదినా ఒకేసారి అరిచాం. వేలు గాల్లోనే ఉండిపోయింది. పాట మొత్తం విన్నాడు. మా అన్న ఒక పాట మొత్తం వినడం నేను పుట్టాక అదే చూడటం.

పాట అయిపోయింది. అన్న వదిన చేతిలో తాంబాళంలోంచి పత్రిక తీసుకున్నాడు, కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు, దొరకలేదు, చెయ్యి దూరంగా చాపి చదివాడు, దేవుడి పేరు, పిల్ల పేరు, పిల్లవాడి పేరు, మా పేర్లు, తర్వాత ఆయన వేలు ఒకచోట ఆగింది. ఆ కాగితం మీద ఆయన బొటనవేలు అటూ ఇటూ కదిలింది, అచ్చు చెరిగిపోతుందేమో చూస్తున్నట్టు.

"అడక్కుండానే ఏసిండావు."

"ఏసినా."

"నేను రాకుంటే?"

"అది ఆలోచించలేదు అన్నా." అది నిజం, అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇంక ఏడుపు ఆగలేదు, ఆగమని నేనూ అనలేదు.

అన్న పత్రిక మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గోడ వంక చూశాడు, ఫ్యాన్ వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మిల్లులో కూలీల మీద కేకలేసే గొంతు. "మండపంలో మైకుసెట్టు ఎవరిది? పొద్దున్నించి పాటలు ఎవరు పెడతారు? ఆ కోయంబత్తూరు వాళ్ళకి ఏం తెలుసు, ఊరంతా అరిగిపోయినవే పెడతారు. ముందు దినమే వచ్చి నేను చూసుకొంటా."

"నువ్వు పట్టం కట్టేదానికి రా" అంది వదిన, తాంబాళంతో దేవుడి గదిలోకి వెళుతూ. "పాటలు మేం పెడతాం."